పగటిపూట చెట్టులో కలిసిపోయిన గుడ్లగూబను కనిపెట్టడం ఎలా

"అదుగో, ఆ కొమ్మ మొదట్లో, కాండానికి ఆనుకుని కూర్చుంది చూడండి" అని పక్కనవాళ్లు వేలు పెట్టి చూపిస్తున్నా, చేతికి బైనాక్యులర్ ఇచ్చినా, మెడ పట్టేసేదాకా పైకి చూసినా ఏమీ కనిపించక, ఆఖరికి మొహమాటానికి "ఆఁ, కనిపించింది" అని తలూపేయడం చాలామందికి అలవాటే. మీ కళ్లలో లోపమేం లేదు. గుడ్లగూబ పగలంతా దాదాపు కదలదు. దాని ఈకల మీద ఉన్న నిలువు చారలు, అడ్డగీతలు, మచ్చలు అన్నీ కలిసి దాని ఒంటి అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మన కంటికి అందకుండా చేస్తాయి. మనమేమో కాకినీ పావురాన్నీ చూసిన అలవాటుతో ఆకుల మధ్య పిట్ట ఆకారం ఒకటి తేలి కనిపిస్తుందని చూస్తుంటాం. అలా చూస్తే సాయంత్రం దాకా చూసినా దొరకదు. అది ఏ చెట్టు మీద ఉండొచ్చో తలెత్తకముందే తేల్చుకోవాలి, కళ్లకు పని ఆ తర్వాతే.

ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మనకు తగిలే గూబలను దృష్టిలో పెట్టుకునే.

వెతికేది ఏ గూబనో ముందు తేల్చుకోండి

మన దేశంలో గుడ్లగూబలు 30 రకాలకు పైనే ఉన్నాయి, అన్నిటినీ ఇప్పుడే నెత్తికెత్తుకోవద్దు. ఊళ్ల దగ్గర, రాళ్లగుట్టల్లో, మామూలు అడవుల్లో తిరిగేవాళ్లకు తరచూ తగిలేవి కొన్నే, ఒక్కోదాని అడ్రస్ ఒక్కో రకం. స్పాటెడ్ ఔలెట్ అనే చిన్న చుక్కల గూబ 21 సెంటీమీటర్లు ఉంటుంది; పాత ఇళ్లు, తొర్రలున్న చింతచెట్లు, తలలు పోయిన తాటిమోళ్లు దాని చోట్లు. ఇండియన్ స్కాప్స్ ఔల్ దానికంటే కాస్త పెద్దది, తల మీద చెవుల్లా కనిపించే రెండు ఈకల కుచ్చులు, ముదురు గోధుమరంగు కళ్లు. తోటల్లోనూ, నగరాల్లోని పాత క్యాంపస్‌లలోనూ ఉంటుంది కానీ అక్కడే ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. మాటిల్డ్ వుడ్ ఔల్‌కు కుచ్చులుండవు, గుండ్రటి తల, 40 సెంటీమీటర్లు దాటిన ఒళ్లు, దానికి పెద్ద మామిడితోపులు, మర్రి, చింత కావాలి. బ్రౌన్ ఫిష్ ఔల్ వాగులు, చెరువుల పక్కనున్న పెద్ద చెట్లు వదిలి దూరం పోదు. ఇండియన్ ఈగిల్ ఔల్ అర మీటరు పైనుండే పెద్ద పక్షి, దానిది రాళ్ల సామ్రాజ్యం, దాని సంగతి విడిగా చెప్పాలి. రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాల్లోకి చలికాలం వచ్చే షార్ట్ ఇయర్డ్ ఔల్ అయితే అసలు చెట్టు జోలికే పోకుండా గడ్డిలో నేల మీద కూర్చుంటుంది.

ఇదంతా ఎందుకంటే, నీటి చుక్క లేని గుట్ట మీద ఫిష్ ఔల్ కోసం, నిన్నమొన్న నాటిన యూకలిప్టస్ తోటలో వుడ్ ఔల్ కోసం తిరిగి కాళ్లు నొప్పులు తెచ్చుకోవడం దేనికి?

కంటికి ట్రైనింగ్ చుక్కల గూబతో

స్పాటెడ్ ఔలెట్‌ను తేలిగ్గా తీసుకోకండి. మిగతావాటిలా పూర్తిగా దాక్కోదు, పొద్దు వాలకముందే బయటికొస్తుంది, మధ్యాహ్నం కూడా తొర్ర ముందు ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది, మనిషిని చూస్తే తల పైకీ కిందకీ ఊపుతూ గుడ్లు మిటకరించి చూస్తుంది. మీ వీధి చివర పాత చింతచెట్టో, పాడుబడ్డ బంగ్లానో ఉంటే చీకటి పడే వేళ అక్కడ నిలబడండి. చిర్ర్ చిర్ర్ చీవక్ చీవక్ అని రెండు మూడు గూబలు కలిసి పోట్లాడుకుంటున్నట్టు గోల మొదలవుతుంది. ఏ తొర్రలోంచి వచ్చాయో గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మధ్యాహ్నం అదే తొర్రను బైనాక్యులర్‌తో చూడండి. చీకటి కన్నంగా కనిపించిన చోట ఒక మొహం ఉంటుంది. కళ్ల మీద తెల్లటి కనుబొమలు, మెడ ముందు తెల్ల పట్టీ, మిగతాదంతా బెరడు రంగు. ఉందని ముందే తెలుసు కాబట్టి మీ కంటికి తొందర ఉండదు, గూబ మొహం తొర్ర అంచుల్లో ఎలా ఇమిడిపోతుందో తీరిగ్గా నేర్చుకుంటుంది. ఇలా కొన్నాళ్లు చూస్తే, తొర్ర కనిపించగానే దాని నిండా ఏదైనా ఉందా అని మీకు తెలియకుండానే కన్ను అటు పోతుంది. అడవికి వెళ్లకముందు కావాల్సిన అలవాటు అదే.

చెట్టు దగ్గరికి పోగానే నేల చూడండి

గూబ తనను దాచుకోగలదు గానీ రెట్టను దాచుకోలేదు. ఒకేచోట రోజుల తరబడి కూర్చునే గూబ కింద కాండం మీదా, ఆకుల మీదా, రాయి మీదా సున్నం చల్లినట్టు తెల్లటి చారలు పడతాయి. అయితే కొంగలు పడుకునే చెట్టు కింద కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి తేడా చూసుకోండి. కొంగల చెట్టు కింద నేలంతా పరుచుకుని, నీచు వాసనతో, పైన గూళ్లతో ఉంటుంది. గూబది చాలావరకు ఒక కొమ్మకు సరిగ్గా కింద, చిన్న జాగాలో ఉంటుంది. చిన్న గూబలైతే ఇదీ అంతగా కనిపించదు, పెద్దవాటి దగ్గరే ఈ ఆనవాలు బాగా పనికొస్తుంది.

రెండోది ఉండలు, బర్డింగ్ చేసేవాళ్లు పెల్లెట్లంటారు. గూబ ఎలుకను మింగాక అరగని బొచ్చు, ఎముకలు, పళ్లు పొట్టలో ఉండలా చుట్టుకుని నోట్లోంచే బయటికొస్తాయి. కోలగా, బూడిదరంగులో ఉంటాయి, పుల్లతో విడదీస్తే లోపల ఎలుక దవడ, ఆ దవడకు నారింజరంగు ముందు పళ్లు, సూదుల్లాంటి పక్కటెముకలు బయటపడతాయి. చుక్కల గూబ ఉండలో పేడపురుగుల రెక్క పెంకులు ఎక్కువుంటాయి, ఫిష్ ఔల్ కూర్చునే చెట్టు కింద ఎండ్రకాయ పెంకులు, చేప ముళ్లు దొరుకుతాయి. ముంగిస, పిల్లి లాంటి జంతువుల పెంటలోనూ బొచ్చు ఉంటుంది కానీ అది ఒక కొస సన్నగా సాగి కంపు కొడుతుంది, ఎండిన పెల్లెట్‌కు వాసన పెద్దగా ఉండదు. చేత్తో ముట్టుకోకండి, పుల్ల వాడండి. తడిగా, నల్లగా మెరుస్తుంటే గూబ నిన్న మొన్నటి దాకా అక్కడే ఉందని లెక్క. తెల్లబోయి ముట్టుకోగానే పొడి అయిపోతే ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసి ఉండొచ్చు. తాజా ఆనవాలు దొరికిన చెట్టుకు తిరుగు లేదు, మిగతా అడవిని పక్కనపెట్టి ఆ ఒక్క చెట్టునే చూడండి.

మిగతా పిట్టలు పట్టిస్తాయి, చెవి అక్కడ పెట్టండి

నన్నడిగితే అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. పగలు గూబ ఎక్కడుందో కనిపెట్టిన చిన్న పిట్టలు ఊరుకోవు. పసులపోలిగాడు, పిగిలిపిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు, బాబ్లర్ల గుంపు, ఆఖరికి ఉడత కూడా చేరి ఒకే చోటికి తిరిగి నానా యాగీ చేస్తాయి. తమలో తమకు పడని పిట్టలు కూడా ఆ కాసేపు ఒక్కటైపోతాయి.

గోల వినగానే పరిగెత్తకండి. పిల్లినో పామునో చూసినా ఇలాగే అరుస్తాయి. పిల్లి నడుస్తుంటే గోల కూడా దాంతోపాటు పొదల్లో జరుగుతూ పోతుంది. పాముదైతే చూపులన్నీ కిందికి ఉంటాయి, చెట్టు మీది పామైతే అదీ మెల్లగా జరుగుతుంది. డేగ కనిపిస్తే ఒక్క కేక వేసి అందరూ మాయమవుతారు. గూబ విషయంలో గోల ఒకే చెట్టు దగ్గర చాలాసేపు సాగుతుంది, పిట్టలు ఎగిరి ఒక చోటును తన్నినట్టు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు మీరు గూబను వెతకడం మానేసి, ఆ పిట్టల ముక్కులు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. మూడు పిట్టలు మూడు వైపులా కూర్చుని ఒకే ఆకుల గుబురు వైపు చూస్తున్నాయంటే వాటి చూపులు కలిసే చోటే మీ చోటు.

ఒక షరతు. ఆ గోలలో ఉన్న గూబకు అప్పటికే ప్రాణం విసిగి ఉంటుంది. మీరు కూడా చెట్టు కిందికి పోతే అది ఎగిరిపోతుంది, ఎగిరితే కాకులు వెంటపడతాయి. దూరంగా ఆగి బైనాక్యులర్‌తో చూసుకోండి.

సాయంత్రం వినడం, పొద్దున వెతకడం

ఆనవాలూ లేదు, పిట్టల గోలా లేదు అంటే మిగిలింది చెవి. పొద్దు గుంకాక తొలి అరగంట చాలా ముఖ్యం, ఎందుకంటే గూబ వేటకు దూరం పోకముందు పగలు పడుకున్న చోటి దగ్గర్లోనే కూతపెడుతుంది. ఇండియన్ స్కాప్స్ ఔల్ కూత చిన్నగా "వట్" అని ఒక్క ముక్క, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ "వట్". ఏదో కప్ప అనుకుని వదిలేస్తారు. నీళ్లు లేని చోట, మీ తల కంటే ఎత్తులోంచి, ఒకే తూకంలో కప్ప కూత వినిపిస్తోందంటే అనుమానించండి. దీని చుట్టం ఓరియెంటల్ స్కాప్స్ ఔల్ మూడు ముక్కలుగా కూస్తుంది. ఈగిల్ ఔల్ "బూ-బో" అని బరువుగా, లోతుగా, గుట్టంతా వినపడేట్టు. మాటిల్డ్ వుడ్ ఔల్ కూత వణుకుతూ సాగి ఆగుతుంది, తెలియనివాళ్లకు ఒంటరిగా వింటే గుండె జారుతుంది, మామిడితోపుల్లో దయ్యాల కథలు కొన్ని దీని పుణ్యమేనని నా అనుమానం.

పిట్టలను గుర్తుపట్టడానికి వాడే మెర్లిన్ యాప్‌లో కూతలు ముందే విని పెట్టుకోండి, జెనో-కాంటో సైట్‌లో కూడా దొరుకుతాయి. కానీ అడవిలో స్పీకర్ పెట్టి గూబను పిలవకండి. తన ఇలాకాలోకి ఇంకొకటి చొరబడిందనుకుని అది వేట మానుకుని మీ చుట్టూ తిరుగుతుంది, పిల్లలున్న సీజన్‌లో అయితే ఇంకా అన్యాయం.

కూత విన్న చోట నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచి దిశ రాసుకోండి. యాభై అడుగులు పక్కకు జరిగి మళ్లీ వినండి, రెండో దిశ రాసుకోండి. రెండు గీతలు కలిసే చోటున్న చెట్లు రెండో మూడో ఉంటాయి. చీకట్లో ఆ చెట్ల దగ్గరికి పోవద్దు, టార్చ్ కొట్టొద్దు. పొద్దున ఏడు గంటలకు రండి. ఎండ ఏటవాలుగా పడి కొమ్మల కింది భాగం దాకా వెలుగు చేరే సమయం అది, నడినెత్తి ఎండలో గుబురు లోపలంతా నల్లగా అయిపోయి ఏమీ తేలదు.

ఇప్పుడు ఆ ఒక్క చెట్టు

సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ముందు బైనాక్యులర్ ఎత్తకుండా చెట్టును మొత్తంగా చూసి, ఎక్కడ నీడ చిక్కగా ఉంది, ఎక్కడ తీగలు అల్లుకున్నాయి, ఏ కొమ్మ కాండంతో కలిసే చోట లావుగా ఉంది అని లెక్కేసుకోండి. గూబ చిటారు కొమ్మన కూర్చోదు. ఎండ తగలని, పై నుంచి డేగకు కనిపించని, వెనక కాండం ఆసరా ఉన్న చోటు చూసుకుంటుంది.

తర్వాత బైనాక్యులర్. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, పది రెట్లు చూపే 10x కంటే అదే మేలు, ఎక్కువ జాగా కనిపిస్తుంది, చెయ్యి వణికినా తేడా తెలియదు. కాండం అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోండి, ప్రతి కొమ్మ దగ్గరా కాండం నుంచి చివరి వైపుకు వెళ్లండి. ఒక చిట్కా: కుడి నుంచి ఎడమకు చూడండి. చదివే అలవాటు వల్ల మన కన్ను ఎడమ నుంచి కుడికి జారిపోతుంది, మధ్యలో చాలావాటిని చూడకుండానే చూశాననుకుంటుంది. ఎదురు దిక్కున పోతే దానికి ఆ వేగం రాదు.

ఏం వెతకాలి? గూబను మాత్రం వెతకకండి, చెట్టు లెక్క తప్పిన చోటు వెతకండి. బెరడు చారలు కిందికి సాగుతూ సాగుతూ ఒక చోట సన్నటి అడ్డగీతలుగా మారితే అది తోక కావచ్చు. కొమ్మ విరిగిన మొండి అన్ని వైపులా ఒకేలా ఉండదు, కానీ కుడి ఎడమలు సరిసమానంగా ఉన్న మొండి కనిపించిందంటే ఆగండి. చెట్టులో అంత పొందిక ఉండదు, మొహాల్లోనే ఉంటుంది. మొండి పై కొసన రెండు చిన్న మొనలున్నాయా? కొమ్మను పట్టుకున్న చోట రెండు గుండ్రటి ముద్దలు, అంటే ఈకలు కప్పిన కాళ్లు ఉన్నాయా? ఎక్కడ అనుమానం వచ్చినా వెంటనే ముందుకు పోకుండా నిమిషం రెండు నిమిషాలు అదే చోట చూపు నిలపండి. గాలి వీచినప్పుడు ఆకు ఊగుతుంది, కొమ్మ ఊగుతుంది, గూబ తల మాత్రం ఉన్నచోటే ఉండేలా మెడతో సర్దుకుంటుంది.

స్కాప్స్ ఔల్‌ను దగ్గరగా చూస్తే ఈ మాయ అర్థమవుతుంది. ఛాతీ మీద ఒక్కో ఈకకూ మధ్యలో సన్నటి నల్లటి నిలువు గీత, ఆ గీత నుంచి పక్కలకు సన్నటి వంకర గీతలు, అచ్చం వేపబెరడు పగుళ్లు. భుజం దగ్గర ఒక వరుస లేత రంగు మచ్చలు, ఎండ ఆకుల సందుల్లోంచి బెరడు మీద పడ్డ చోట్లు అలాగే ఉంటాయి. మెడ వెనక లేత రంగు పట్టీ. తల మీది కుచ్చులకు వినికిడితో సంబంధం లేదు, అసలు చెవులు తల పక్కల ఈకల కింద ఉంటాయి, ఈ కుచ్చుల పని గుండ్రటి తల అంచును విరగ్గొట్టి పుల్లలా కనిపించేలా చేయడం. నల్లటి కళ్లు పూర్తిగా తెరిచి ఉంటే దొరికిపోతుంది కాబట్టి రెప్పలు దాదాపు మూసి, సన్నటి సందు మాత్రం వదిలి, ఆ సందులోంచి మిమ్మల్నే చూస్తుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఫొటోల్లో మీరు చూసే ఆ సన్నగా సాగిన ఒళ్లు, నిక్కబొడుచుకున్న కుచ్చులు, గీతల్లా మూసిన కళ్లు ఉన్న గూబ నిద్రపోతున్న గూబ కాదు. నిద్రలో ఉన్న గూబ ఈకలు వదులుగా వదిలి బొద్దుగా ఉంటుంది, కుచ్చులు వాలి ఉంటాయి. మనిషి మరీ దగ్గరికి వచ్చాడని భయపడినప్పుడే అలా ఒళ్లు బిగించి విరిగిన కొమ్మలా మారుతుంది. సోషల్ మీడియాలో లైకులు ఎక్కువ వచ్చే ఫొటోలు చాలావరకు భయపడిన గూబలవే. మీ కళ్ల ముందు అది అలా సాగుతుంటే చప్పుడు లేకుండా వెనక్కి నడవండి, మళ్లీ బొద్దుగా అయ్యేదాకా.

మోసపోయే చోట్లు కూడా చెప్పాలి. చెట్టు మీద చెదపుట్టలు, తేనెపట్టు మిగిల్చిన ముద్ద, ఎండిన ఆకుల గూడు, సంక్రాంతి వెళ్లాక ఆరు నెలల దాకా కొమ్మల్లో వేలాడే గాలిపటాలు, ఇవన్నీ దూరం నుంచి గూబలే. అనుమానం తీరకపోతే చెట్టు చుట్టూ ఒక పాతిక అడుగులు పక్కకు జరిగి చూడండి. మొండి అయితే వేరే ఆకారంలోకి మారుతుంది, గూబ అయితే దాని మొహం మెల్లగా మీ వెంటే తిరుగుతుంది. కనుగుడ్లు తిప్పలేదు కాబట్టి తలే తిప్పాలి, దాని మెడలో 14 వెన్నుపూసలున్నాయి, 270 డిగ్రీల దాకా తిరుగుతుంది.

కాలం కూడా కలిసి రావాలి. ఫిబ్రవరి, మార్చిలో టేకు, మద్ది లాంటి చెట్లు ఆకు రాల్చేశాక దాక్కునే నీడ కోసం గూబలు ఆకు మిగిలిన చింత, మామిడి, మర్రి, తీగలల్లిన పొదలు చూసుకుంటాయి. వానాకాలంలో వంద చెట్లు వెతకాల్సిన చోట అప్పుడు పది వెతికితే సరిపోతుంది. అనంతగిరి కొండల్లాంటి చోట ఈ తేడా బాగా తెలుస్తుంది.

రాళ్లలో అయితే లెక్క వేరు

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల్లో ఇండియన్ ఈగిల్ ఔల్ కోసం పట్టపగలు బండలెక్కి వెతకడం శుద్ధ దండగ. ఎండిన సీతాఫలం పొద వెనక, వాలిన బండ నీడలో, రాతి మీది నల్ల మచ్చల్లో కలిసిపోయి కూర్చుంటుంది, మీరు పది అడుగుల దూరానికి వచ్చాక పెద్ద రెక్కలు విప్పి ఎగిరిపోతే వెనక వైపు మాత్రం చూస్తారు. పైగా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే కాలం, గూడు కూడా కట్టదు, బండ కింద ఉత్త నేల మీదే పెడుతుంది, దాన్ని లేపితే ఆ గుడ్లు కాకుల పాలవుతాయి. గుట్టల్లో రక్తపింజర, కొన్నిచోట్ల ఎలుగుబంటి కూడా ఉంటాయని మర్చిపోవద్దు.

దీన్ని కూర్చున్నచోటి నుంచి చూడాలి. పొద్దు గుంకడానికి అరగంట ముందు గుట్టకు వంద మీటర్ల దూరంలో, పడమటి వెలుగు గుట్ట వెనక ఉండేలా చోటు చూసుకుని కూర్చోండి. గుట్ట పై అంచును ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి. పొద్దు గుంకాక ఐదు నిమిషాలకోసారి ఆ ఫొటోను, ఎదురుగా ఉన్న అంచును పోల్చి చూడండి. ఫొటోలో లేని బండ ఒకటి ఇప్పుడు అంచు మీద ఉంది, దానికి రెండు కొమ్ములున్నాయి అంటే పని అయిపోయినట్టే. వేటకు ముందు ఎత్తైన బండ మీద కూర్చుని కూతపెట్టడం దానికి అలవాటు. వెలుగు ఇంకా మిగిలుంటే బైనాక్యులర్‌లో నారింజరంగు కళ్లు కూడా కనిపిస్తాయి. ఆ గుట్టలే క్వారీలకూ వెంచర్లకూ కరిగిపోతున్నాయి, ఈసారి చూసిన బండ వచ్చే ఏడు ఉంటుందన్న గ్యారంటీ లేదు, అది వేరే బాధ.

కనిపించాక

టార్చ్‌ను మొహం మీదికి కొట్టకండి, ఫ్లాష్ వద్దు. కొమ్మలు కత్తిరించి ఫొటోకు దారి చేయకండి, ఆ ఆకులే దాని ఇల్లు. అయిదు నిమిషాలు చూసి వచ్చేయండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి రాత్రిళ్లు అనుమతి లేకుండా పోవద్దు. ఒంటరిగా తిరగడం టెన్షన్ అనిపిస్తే హైదరాబాద్‌లో 1980లో మొదలైన డెక్కన్ బర్డర్స్ అనే పిట్టలు చూసేవాళ్ల సంఘం లాంటి వాళ్లతో వెళ్లండి, అనుభవం ఉన్న కన్ను పక్కనుంటే నెలల్లో నేర్చుకునేది ఒక పూటలో వస్తుంది.

చోటు మాత్రం బయటపెట్టకండి. ఫొటో పెట్టినా జిల్లా పేరుతో ఆపేయండి, మ్యాప్ లింక్ వద్దే వద్దు. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో గూబలను పట్టి అమ్మే ముఠాలు తిరుగుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబను పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే, అయినా ఆగడం లేదు.

ఊళ్లలో ఇంకో జాగ్రత్త. గూబ ఇంటి మీద వాలితే కీడని, లోపలికొస్తే ఇల్లు పాడుపెట్టాలని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. చెట్టు కింద మిమ్మల్ని చూసి ఎవరో ఒక పెద్దాయన "ఏంది బిడ్డా, చెట్టు మీద ఏం దేవులాడుతున్నవ్?" అంటాడు. "పిట్టల్ని చూస్తున్న తాతా" అంటే సరిపోతుంది, గూబ అని వేలు పెట్టి చూపించాల్సిన పని లేదు, పక్కన పిల్లలుంటే అసలే వద్దు, మీరు అటు తిరగ్గానే రాళ్లు పడతాయి. ఆయన పొలం సంగతులు మాట్లాడుతుంటే మాత్రం ఎలుకల దగ్గరికి మాట మళ్లించి చూడండి. ఎలుకలు పంటను ఎంత తింటాయో రైతుకు చెప్పక్కర్లేదు, ఆ ఎలుకలను ఎవరు తింటారో చెప్తే వింటారు, కొందరైతే "అట్లయితే మా తోపుల ఒకటుంది రా" అని వాళ్లే తీసుకెళ్లి చూపిస్తారు.

ఎండాకాలం మొదట్లో చెట్టు కింద నేల మీద గూబ పిల్ల కనిపిస్తే ఇంటికి తీసుకురాకండి. ఎగరడం రాకముందే గూట్లోంచి బయటికొచ్చి కొమ్మల మీద పాకే అలవాటు వాటికి ఉంది, జారి పడినా తల్లి దగ్గర్లోనే ఉంటుంది. కుక్కలు తిరిగే చోటైతే గుడ్డతో మెల్లగా పట్టి అందుబాటులో ఉన్న కొమ్మ మీద పెట్టి దూరంగా వెళ్లిపోండి. రెక్క విరిగిందని స్పష్టంగా తెలిస్తేనే గాలి ఆడేలా కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, పెట్టెను చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టి అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. పాలు, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి.